చారలకూ స్పాయిలర్లకూ పన్నెండు వేల డాలర్లు ఎక్కువ పెట్టవచ్చా? (1978 కార్వెట్ పేస్ కారు)

ప్లేనో_వాసు
చాలా ఏళ్లుగా అనుకుంటున్న 1978 షెవర్లే కార్వెట్ స్పోర్ట్స్ కారును ఈ వేసవిలో కొనేద్దామని నిశ్చయించుకున్నాను. మా ఇంటికి గంట దూరంలో రెండు బండ్లు అమ్మకానికి ఉన్నాయి. మొదటిది పేస్ కారు ఎడిషన్, అంటే ఆ ఏడాది ఇండియానాపొలిస్ 500 పందెంలో ముందు నడిచిన కారుకు నకలుగా కంపెనీయే తయారుచేసి అమ్మినది. పైభాగం నలుపు, కింది భాగం వెండి రంగు, రెండింటి మధ్య సన్నటి ఎర్ర గీత, ముందూ వెనకా స్పాయిలర్లు (గాలిని మళ్లించే పలకలు), లోపల వెండి రంగు తోలు సీట్లు. ఇంజను మాత్రం మామూలు ఎల్48, గేర్లు ఆటోమేటిక్. 38 వేల మైళ్లు తిరిగింది. యజమాని 31 వేల డాలర్లు అడుగుతున్నాడు.

రెండోది అదే ఏడాది బండి, ముదురు నీలం, ఏ ప్రత్యేక ఎడిషనూ కాదు. కానీ దానికి ఎల్82 ఇంజను, నాలుగు గేర్ల మాన్యువల్ ఉన్నాయి. దాని ధర 19 వేలు. పేస్ కారు యజమాని నాతో మాట్లాడిన పావుగంటలో "6,502 మాత్రమే తయారయ్యాయి" అన్న మాటను మూడుసార్లు అన్నాడు. ఆ అంకెకు నిజంగా అంత విలువ ఉందా? ఇలాంటి ప్రత్యేక అలంకరణ పాత కారు ధరను పెంచుతుందా, లేక పెంచుతుందని అమ్మేవాళ్లు మాత్రమే నమ్ముతారా? పాత బండ్లు కొని అమ్మిన అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఇంజను_ఆయిలు
నీలం బండి తీసుకోండి. ఎల్48 ఇంజను ఇచ్చేది 185 గుర్రాల బలం (హార్స్‌పవర్), ఎల్82 ఇచ్చేది 220. ఎర్ర గీత అదనంగా ఒక్క గుర్రాన్ని కూడా ఇవ్వదు.

చారలపిచ్చి
ఆయిలు గారూ, గుర్రాల లెక్కే ముఖ్యమైతే వాసు గారు నిన్న మొన్నటి క్యామ్రీ కొనుక్కుంటే సరిపోతుంది, అది ఈ రెండింటినీ సిగ్నలు దగ్గరే వదిలిపెట్టి పోతుంది. నలభై ఏళ్లు దాటిన కారును మనుషులు కొనేది చూసుకోవడానికి, పదిమందికి చూపించుకోవడానికి. అటువంటప్పుడు కంటికి కనిపించే దానికి డబ్బు కట్టడంలో తప్పేముంది?

తుప్పు_శత్రువు
ఒహాయోలో ఇరవై ఏళ్లుగా ఈ తరం కార్వెట్లను బాగుచేస్తున్నాను కనుక కొంచెం విస్తరంగా రాస్తాను.

1978 కార్వెట్‌కు రజతోత్సవ సంవత్సరం, ఎందుకంటే మొదటి కార్వెట్ వచ్చింది 1953లో. ఇండియానాపొలిస్ పందెంలో కార్వెట్ పేస్ కారుగా నడవడం కూడా అదే మొదటిసారి. కంపెనీ మొదట కొన్ని వందల నకళ్లు మాత్రమే చేద్దామనుకుంది. తరువాత ఆ సంఖ్యను పెంచుకుంటూ పోయి, చివరికి దేశంలోని ప్రతి షెవర్లే డీలరుకూ ఒకటి చొప్పున ఇవ్వవలసి రావడంతో 6,502 దగ్గర ఆగింది. ధర పత్రం మీద ముద్రించిన వెల 13,653 డాలర్ల 21 సెంట్లు. మామూలు కార్వెట్ 9,351 డాలర్ల 89 సెంట్లకు దొరికేది. అయినా జనం ఎగబడ్డారు. ఈ కార్లు బంగారంతో సమానమన్నట్టు మార్చి నెలలో వాల్ స్ట్రీట్ జర్నల్ మొదటి పేజీలో రాయడంతో డీలర్లు ముద్రించిన వెలకు ఎన్నో వేలు కలిపి అమ్మారు. కొన్నవారిలో చాలామంది నడపలేదు. షెడ్డులో పెట్టి, మీద దుప్పటి కప్పి, కాలేజీ ఫీజులు దీనిమీదే వస్తాయని పిల్లలకు చెప్పుకున్నారు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. మామూలు బండ్లు గుద్దుకుని, తుప్పుపట్టి, తుక్కుగా మారి తగ్గిపోతూ ఉంటాయి. వీటిని అందరూ దాచారు కాబట్టి ఇవి తగ్గలేదు. వంద మైళ్లు కూడా తిరగని పేస్ కార్లు నేటికీ వేలానికి వస్తూనే ఉన్నాయి. ఎన్ని తయారయ్యాయన్నది ఒక ప్రశ్న, ఎన్ని మిగిలాయన్నది ఇంకో ప్రశ్న. ధరను నిర్ణయించేది రెండోదే.

పైగా ఆ కారులో కొత్తగా కనిపించిన ఎత్తు వీపు సీట్లు 1979లో ప్రతి కార్వెట్‌లోనూ వచ్చేశాయి. స్పాయిలర్లను అదే ఏడాది ఎవరైనా అదనంగా డబ్బు కట్టి పెట్టించుకోగలిగారు. 1980 నుంచి అవి బాడీలోనే కలిసిపోయాయి. చివరికి దీనికే పరిమితమై మిగిలింది రంగు, వెండి సీట్లు, నంబరు, అంతే.

కోకాపేట_కుర్రాడు
అంటే 6,502 మంది తండ్రులు కలిసి 6,502 మంది పిల్లల కాలేజీ ఫీజులు ఎగ్గొట్టారన్నమాట.

లెక్కలమాస్టారు
తుప్పు_శత్రువు గారు ఇచ్చిన అంకెలు పట్టుకుని కొంచెం లెక్క వేశాను. 1978లో తయారైన కార్వెట్లు మొత్తం 46,776. అందులో 6,502 అంటే ప్రతి ఏడింటిలోనూ దాదాపు ఒకటి. అదే ఏడాది రెండు వెండి ఛాయలతో రజతోత్సవ రంగు వేసుకున్నవి మరో 15,283 ఉన్నాయి. ఈ రెండూ కలిపితే ఆ ఏటి కార్వెట్లలో సగానికి కాస్త తక్కువగా "ప్రత్యేకం" అయిపోయాయి. సగం ప్రత్యేకమైతే మిగతా సగాన్ని ఏమని పిలవాలో నాకు తెలియడం లేదు.

ఇక ధర. 1978 నాటి 13,653 డాలర్లు ధరల పెరుగుదల ప్రకారం నేటి 65 వేలకు సమానం. వాసు గారిని అడుగుతున్నది 31 వేలు. అంటే నడపకుండా దాచుకున్న ఆ తండ్రి ఇన్నేళ్ల షెడ్డు అద్దె, బీమా, బ్యాటరీలు అన్నీ భరించి, పెట్టిన డబ్బు విలువలో సగం పోగొట్టుకున్నాడు.

ఇంకొక సంగతి. ఆనాడు పేస్ కారుకు మామూలు కారు కంటే 46 శాతం ఎక్కువ కట్టారు. అందులో ఏసీ, కరెంటు అద్దాలు, అలాయ్ చక్రాలు, గాజు కప్పులు అన్నీ కలిసే వచ్చాయి. ఇప్పుడు వాసు గారిని అడుగుతున్నది పక్క బండి కంటే 63 శాతం ఎక్కువ, అదీ చిన్న ఇంజనుతో.

చారలపిచ్చి
ఒక్క 1978 కార్వెట్‌ను చూసి ఎడిషన్లన్నీ దండగని తేల్చేయడం అన్యాయం. 1969 కమారో పేస్ కారునే తీసుకోండి. తెల్లటి కన్వర్టిబుల్ (కప్పు మడిచే కారు), నారింజ రంగు చారలు, లోపల నారింజ గళ్ల గుడ్డ సీట్లు, 3,675 చేశారు. నేడు అదే ఏటి మామూలు కన్వర్టిబుల్ పక్కన దాన్ని నిలబెట్టి ధర అడిగి చూడండి. అక్కడ చారలు డబ్బు తెస్తున్నాయా లేదా?

ఇంజను_ఆయిలు
తెస్తున్నాయి, కానీ చారలు ఒంటరిగా తేవడం లేదు. ఆ కమారో పేస్ ప్యాకేజీ కావాలంటే బలమైన ఇంజనుతో వచ్చే ఎస్ఎస్ ప్యాకేజీ తప్పనిసరిగా తీసుకోవాలి. కాబట్టి ఆ కారు కింద 300 గుర్రాల 350 (క్యూబిక్ అంగుళాల) ఇంజను అయినా ఉంటుంది, లేదా అంతకంటే పెద్ద 396 ఉంటుంది. బలమైన బండికి చారలు పూస్తే ధర పెరిగినట్టు కనిపిస్తుంది.

చారలపిచ్చి
సరే, ఇంజను వాదనకు ఆస్కారమే లేని ఉదాహరణ ఇస్తాను. 1968 మస్టాంగ్‌లో కాలిఫోర్నియా స్పెషల్ అని 4,118 కార్లు వచ్చాయి. అన్నీ మామూలు కూపేలే, ఆరు సిలిండర్ల ఇంజనుతో కూడా అమ్మారు. ప్రత్యేకత అంతా వెనకవైపు షెల్బీ మస్టాంగ్ తరహా తోక, పక్కన గాలి బుట్టలు, చారలు, ముందు ఫాగ్ లైట్లు. అంటే అచ్చంగా అలంకరణే. అయినా అదే ఇంజనున్న మామూలు కూపే కంటే ఎక్కువే పలుకుతుంది. దీనికేమంటారు?

ఇంజను_ఆయిలు
ఏ అలంకరణా లేని ఫాస్ట్‌బ్యాక్ (వెనక కప్పు వాలుగా దిగే మస్టాంగ్) దానికంటే ఎక్కువ పలుకుతుందంటాను.

చారలపిచ్చి
ప్రశ్న అది కాదు కదా. అలంకరణ విలువ పెంచుతుందా అని అడిగారు. అన్నింటికంటే ఎక్కువ పెంచుతుందా అని ఎవరూ అడగలేదు.

మిడ్‌లాండ్స్_డాక్టరు
ఇద్దరి మాటలూ నిజమేనని ఇక్కడి అనుభవం చెబుతోంది. ఇంగ్లండులో ఎంజీబీ కారు ఆఖరి దశలో వెయ్యి లిమిటెడ్ ఎడిషన్ కార్లు వచ్చాయి. కప్పు లేనివి కంచు రంగు, కప్పున్న జీటీలు సత్తు రంగు. 1980 అక్టోబరులో ఆబింగ్డన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక అమ్ముడైనవి కనుక "చివరి ఎంజీబీ" అన్న గౌరవం కూడా వాటికి తోడైంది. నేను కొనే ముందు మా క్లబ్బు పెద్దలను అడిగితే, మంచి లిమిటెడ్ ఎడిషన్ తోటి రబ్బరు బంపరు కార్ల కంటే కాస్త ఎక్కువ తెస్తుందన్నారు. కానీ 1974కు ముందటి క్రోము బంపరు కారు, ఏ బిరుదూ లేనిదైనా సరే, దాన్ని సులువుగా దాటిపోతుంది. కొనేవారి మనసులో గీత గీసి ఉన్నది బంపరు దగ్గర. కంపెనీ ఎడిషన్ దగ్గర గీత గీసినంత మాత్రాన వాళ్లు అక్కడికి జరగలేదు.

నేను చివరికి కొన్నది క్రోము బంపరు కారే. ఆకుపచ్చది. ఎడిషన్ కానందుకు ఏ ఆదివారమూ బాధపడలేదు.

బెజవాడ_జెన్
ఇంతవరకూ సముద్రాలకు అవతలి బండ్ల గురించే మాట్లాడారు కనుక మన బండి ఒకటి చెబుతాను. నా దగ్గర 2003 నాటి మారుతి జెన్ కార్బన్ ఉంది. మారుతి ఆ ఏడాది జెన్‌లో నల్లటి కార్బన్, వెండి రంగు స్టీల్ అని రెండు పరిమిత ఎడిషన్లు తెచ్చింది. అమెరికా వాళ్లు దీన్ని క్లాసిక్ అంటే నవ్వవచ్చు, కానీ మన దగ్గర పదిహేనేళ్లు దాటి ఆర్సీ రెన్యూవలు చేయించుకుని ఇంకా తిరుగుతున్న పెట్రోలు కారును ఆ దృష్టితో చూసేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు.

కార్బన్‌లో ఇంజను మామూలు జెన్‌దే. కానీ అది స్టిక్కరు ఎడిషన్ కాదు. మామూలు జెన్‌కు నాలుగు తలుపులు, డిక్కీ తలుపు కలిపి ఐదు. దీనికి పక్కన రెండే తలుపులు, డిక్కీతో కలిపి మూడు. ఈ మార్పు లోహంలోనే ఉంది. ఏ షెడ్డులోనూ మామూలు జెన్‌ను రాత్రికి రాత్రి కార్బన్ చేయలేరు. అందుకే దీనికోసం వచ్చేవారు సందేహంతో రారు, తలుపు చూడగానే నమ్ముతారు. వాసు గారి బండికి, నా బండికి తేడా ఇదేనని నా అభిప్రాయం. మామూలు బండిని ఎంత సులువుగా ఎడిషన్‌గా మార్చగలరో, ఆ ఎడిషన్ విలువ అంత పలచబడుతుంది.

అయితే ఇందులో చేదు కూడా ఉంది. నిరుడు ఎడమ తలుపు అద్దం పగిలింది. ఈ తలుపు పొడవు వేరు కనుక ఐదు తలుపుల జెన్ అద్దం దీనికి పట్టదు. ఆటోనగర్‌లో అడగని దుకాణం లేదు. అడిగిన ప్రతివాడూ "జెన్ అద్దమే కదా సార్" అని హుషారుగా లోపలికి వెళ్లి, తెచ్చి, తలుపుకు ఆనించి చూసి, ఏమీ మాట్లాడకుండా తిరిగి లోపల పెట్టేసేవాడు. చివరికి కోయంబత్తూరులో ఒకరు విడిభాగాలుగా విప్పేస్తున్న స్టీల్ బండి నుంచి తెప్పించాను. అద్దం ధరకంటే రవాణాకు ఎక్కువైంది. ఎడిషన్ అమ్మేటప్పుడు లాభమేమో కానీ, ఉంచుకున్నంత కాలం ఖర్చే.

కోకాపేట_కుర్రాడు
మా బాబాయి దగ్గర సచిన్ పేరు మీద వచ్చిన ఫియట్ పాలియో ఎస్10 ఉండేది. అమ్మేటప్పుడు వచ్చిన ప్రతివాడూ సచిన్ గురించి అరగంట మాట్లాడి, ఆఖరికి మైలేజీ ఎంత అని అడిగి వెళ్లిపోయేవాడు.

బెజవాడ_జెన్
అది 1.6 లీటర్ల జీటీఎక్స్ మీద కట్టిన బండి కదా తమ్ముడూ, మైలేజీ అడిగినవాడు రాంగ్ అడ్రసుకు వచ్చినట్టే. ఇప్పుడు ఆ పాలియోలను వెతికేవాళ్లు ఉన్నారు. అయితే వాళ్లు వెతికేది ఆ 1.6 ఇంజను కోసం. సచిన్ సంతకం ఉంటే సంతోషిస్తారు, అంతే.

ఇంజను_ఆయిలు
ఈ చర్చలో నేను చెప్పదలచుకున్నది జెన్ గారు పాలియో ద్వారా చెప్పేశారు.

సీతాఫల్‌మండి_శీను
చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. లోపల సింహాసనం లాంటి సీటు పెట్టించారు. దాని విలువ మరి ఆ అలంకరణ వల్లే కదా?

తుప్పు_శత్రువు
శీను గారూ, దాన్ని ఎడిషన్ అనలేము. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసమని బార్కర్ కంపెనీ ఒకే ఒక్క బాడీ కట్టింది, అటువంటిది మరొకటి లేదు. అక్కడ విలువ ఎవరిదన్న దాని నుంచి వస్తుంది. పేస్ కార్ల విషయంలో కూడా పందెం రోజు నిజంగా ట్రాకు మీద నడిచిన కారుకు అటువంటి విలువ ఉంటుంది. దాన్ని నడిపింది 1960 పందెం గెలిచిన జిమ్ రాథ్‌మన్. మిగతా 6,502 కార్లూ ఆ రోజు డీలరు షోరూముల్లోనో, ఎవరి షెడ్డులోనో ఉన్నాయి.

అట్లాంటా_అరుణ
ఇన్ని లెక్కల మధ్య ఒక విషయం తప్పిపోతోంది. మా ఇంట్లో 1978 పాంటియాక్ ట్రాన్స్ యామ్ ఉంది, నలుపు మీద బంగారు రంగు గీతల ప్రత్యేక ఎడిషన్. మా వారు కొన్నారు, నడిపేది నేను. 1977లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో హీరో నడిపింది నలుపు బంగారు ట్రాన్స్ యామ్ కనుక, ఆనాడు సినిమా చూసి కారు కొనలేకపోయిన కుర్రాళ్లు ఉద్యోగాలు చేసి, రిటైరై, ఇప్పుడు ఆ రంగు కోసమే వెతుకుతున్నారు. పెట్రోలు బంకులో ప్రతిసారీ ఎవరో ఒక పెద్దాయన ఆగి పలకరిస్తాడు. వాళ్లెవరూ ఇంజను గురించి అడగలేదు. బానెట్టు మీది బొమ్మను చూపించి "బంగారు పక్షి ఒరిజినలేనా" అనే అడిగారు.

కాబట్టి ధర పెరుగుతుంది, కానీ పెంచేది కంపెనీ వాడి ముద్ర కాదు, ఒక తరం జ్ఞాపకం. 1978 ఇండియానాపొలిస్ పందెంలో పేస్ కారు ఏదో గుర్తుపెట్టుకున్న తరం ఒకటి ఉందా అన్నది వాసు గారు ఆలోచించుకోవలసిన ప్రశ్న.

ఆ సినిమా వల్లే నకిలీలు కూడా పుట్టుకొచ్చాయి. మామూలు ట్రాన్స్ యామ్‌కు నలుపు కొట్టి, బంగారు స్టిక్కర్లు అంటించి అమ్మేవాళ్లు ఉన్నారు. అందుకే మేము కొనే ముందు పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ నుంచి ఆ కారు అసలు ఇన్వాయిస్ నకలు తెప్పించుకున్నాము. అందులో ఎడిషన్ కోడు కనిపించాకే బయానా ఇచ్చాము.

చారలపిచ్చి
అరుణ గారి పోస్టును ముద్రించి నా షెడ్డు తలుపుకు అంటిస్తాను.

ప్లేనో_వాసు
అరుణ గారి ప్రశ్న నన్ను ఆలోచనలో పడేసింది. ఇంతకీ పేస్ కారు విషయంలో నకిలీని ఎలా పట్టుకోవాలి? పాంటియాక్‌కు దొరికినట్టు మాకు కాగితం దొరుకుతుందా? శనివారం మళ్లీ వెళ్లి చూడబోతున్నాను.

తుప్పు_శత్రువు
ఈ ఒక్క విషయంలో 1978 పేస్ కారు చాలా ఎడిషన్ల కంటే నయం. మోసాలు జరుగుతాయని ఊహించి కంపెనీ వాటికి విడిగా నంబర్ల వరుస కేటాయించింది. డ్రైవరు వైపు ముందద్దం గుండా కనిపించే విన్ నంబరు (కారు గుర్తింపు నంబరు) పలకను చూడండి. అందులో ఎస్ అక్షరం తరువాత వచ్చే ఆరంకెల సంఖ్య మామూలు కారుకు 4తో మొదలవుతుంది, పేస్ కారుకు 9తో మొదలవుతుంది. 900001 నుంచి 906502 వరకూ ఉండాలి. 4 కనిపిస్తే, ఎంత అందంగా రంగు వేసి ఉన్నా, అది నలుపు వెండి రంగులు వేసుకున్న మామూలు కార్వెటే.

తరువాత ఇంజను చూడండి. ప్రయాణికుడి వైపు సిలిండరు హెడ్డుకు ముందు బ్లాకు మీద చదునైన చిన్న మెట్టు ఉంటుంది, దానిమీద కారు నంబరు చివరి భాగం కొట్టి ఉంటుంది. జిడ్డు పట్టి ఉంటుంది కనుక గుడ్డతో తుడిచి, పక్కనుంచి టార్చి వేసి చూడాలి. అక్కడి అంకెలు విన్ నంబరుతో కలవకపోతే ఇంజను మారిందని అర్థం.

మూడోది, చాలామందికి తెలియనిది. ఫ్యాక్టరీలో కారు కట్టేటప్పుడు దానికి ఏమేమి పెట్టాలో రాసిన కాగితాన్ని పెట్రోలు ట్యాంకు పైభాగాన అంటించేవారు. ట్యాంకు దించితే కానీ అది సరిగా కనిపించదు, కొందరు సన్నటి కెమెరా దూర్చి చూస్తారు. చెమ్మకు చీకిపోకుండా మిగిలి ఉంటే దానిమీద పేస్ కారు ఎడిషన్‌కు గుర్తైన జెడ్78 అన్న కోడు ఉండాలి. ఇంజను కోడు కూడా అక్కడే తెలుస్తుంది.

ఇక ఎడిషన్ సంగతి పక్కనపెట్టి, ముందద్దం చుట్టూ లోపల ఉండే ఇనప చట్రాన్ని చూడండి. బయట బాడీ ఫైబర్‌గ్లాసు కనుక తుప్పు కనబడదు, లోపల ఇనుము తిని పోయి ఉంటుంది. ఆ గాజు కప్పుల రబ్బర్ల గుండా నీళ్లు కారడం ఈ కార్లకు పుట్టు లక్షణం. చట్రం పోయిన పేస్ కారు కంటే చట్రం బాగున్న ఏ కార్వెటైనా మేలు, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

లెక్కలమాస్టారు
కాగితాలన్నీ సరిపోయినా ధర పెరుగుతుందని నమ్మకం లేదనడానికి ఇంకో రెండు ఉదాహరణలు ఇస్తాను. 1976లో క్యాడిలాక్ ఎల్డొరాడో కన్వర్టిబుల్‌ను "అమెరికాలో ఇక ఇదే ఆఖరి కన్వర్టిబుల్" అన్న ప్రచారంతో అమ్మారు. 14 వేలు అమ్ముడయ్యాయి, జనం దాచుకున్నారు. 1984లో అదే క్యాడిలాక్ మళ్లీ కన్వర్టిబుల్ తెచ్చింది. మోసపోయామని కొందరు కోర్టుకు కూడా వెళ్లారు. కార్వెట్ పేస్ కారు పిచ్చి పుట్టింది ఆ ఎల్డొరాడో ప్రచారం ఇంకా వేడిగా ఉన్న రోజుల్లోనేనని గమనించాలి.

రెండోది 1982 కార్వెట్ కలెక్టర్ ఎడిషన్. పేరులోనే దాచుకోమని రాసి ఉంది. కార్వెట్ ధర ఇరవై వేల డాలర్లు దాటడం దానితోనే మొదలు, 22,537. దానికి వెనక అద్దం పైకి తెరుచుకుంటుంది, ఆ తరం కార్వెట్లలో మరి దేనికీ ఆ సౌకర్యం లేదు. 6,759 అమ్ముడయ్యాయి. ఇంజను 200 గుర్రాలు, గేర్లు ఆటోమేటిక్ మాత్రమే. నేడు అవి కూడా కొత్తలో కట్టిన డబ్బుకు కాస్త అటూ ఇటూగానే దొరుకుతున్నాయి.

ఇంజను_ఆయిలు
పేరులోనే "కలెక్టర్" అని ఉన్న బండిని కొనకూడదని నా మొదటి నియమం. రెండో నియమం, లోపల పలక మీద నంబరు వేసి ఇచ్చిన బండిని కూడా.

చారలపిచ్చి
ఆయిలు గారి నియమాల ప్రకారం బండి కొనాలంటే బానెట్టు ఒక్కటే కొనుక్కుని ఇంటికి వెళ్లాలి.

మిడ్‌లాండ్స్_డాక్టరు
మాస్టారి ఉదాహరణలకు ఒక సవరణ. అవన్నీ కొత్తలో కొన్నవాడి నష్టం గురించినవి. వాసు గారు కొత్తలో కొనడం లేదు, ఆ నష్టమంతా మొదటి యజమానులు భరించేశారు. ఇప్పుడు తేల్చవలసినది ఒక్కటే. రేపు అమ్మేటప్పుడు పక్క బండి మీద ఈ తేడా నిలుస్తుందా? నా అంచనా ప్రకారం రెండూ ఒకే స్థితిలో, ఒకే ఇంజనుతో ఉంటే పేస్ కారుకు నాలుగైదు వేలు ఎక్కువ పెట్టడం న్యాయం. కానీ నీలం బండికి పెద్ద ఇంజనూ మాన్యువలూ ఉన్నాయి, కొనేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఆ రెండింటినే. కనుక ఆ నాలుగైదు వేలు అక్కడే చెల్లిపోతాయి.

బెజవాడ_జెన్
డాక్టరు గారి లెక్క నాకు నచ్చింది. ఇంకొకటి కలపాలి. ఎడిషన్ బండిలో ఒక్క ప్రత్యేక భాగం పోయినా కోత మామూలు బండి కంటే ఎక్కువ పడుతుంది. మామూలు బండికి సీటు కవరు మారిస్తే ఎవరూ పట్టించుకోరు.

ప్లేనో_వాసు
శనివారం వెళ్లి వచ్చాను. పేస్ కారు విన్ నంబరులో 9 ఉంది, ఇంజను మీది అంకెలు కలిశాయి. ముందద్దం చట్రం ఎండ ఊరి బండి కావడం వల్లనేమో శుభ్రంగా ఉంది. ట్యాంకు దించనివ్వలేదు, కానీ నేను తీసుకెళ్లిన కెమెరాలో కాగితం సగం కనిపించింది, జెడ్78 చదవగలిగాను. పందెం పేరు రాసి ఉన్న తలుపు స్టిక్కర్లను ఆనాడు డీలరు అంటించకుండా కారులోనే పెట్టి ఇచ్చారట. అవి ఇంకా వాటి కాగితం గొట్టంలోనే ఉన్నాయి.

జెన్ గారు భయపెట్టినట్టే సీట్లు మాత్రం తేడాగా ఉన్నాయి. డ్రైవరు సీటు తోలు పక్క సీటు కంటే ఒక ఛాయ తెల్లగా ఉంది, కుట్ల మధ్య దూరం కూడా వేరు. అడిగితే పదేళ్ల క్రితం పాతది చిరిగి కొత్తది వేయించానన్నాడు. ఆ మాట తరువాత ధర తనంతట తానే 27కు దించాడు.

నీలం బండిని కూడా నడిపి చూశాను. అది ఎందుకు బాగుందో ఆయిలు గారికి చెప్పనవసరం లేదు. అయితే దాని ముందద్దం కింది మూల కార్పెట్టు ఎత్తి చూస్తే వేలికి ఎర్రటి పొడి అంటుకుంది.

తుప్పు_శత్రువు
ఆ ఎర్రటి పొడి ఎంత దూరం పాకిందో తెలియకుండా నీలం బండికి 19 కట్టకండి. అద్దం ఊడదీసి ఆ చట్రం బాగుచేయడానికి నా దగ్గరైతే ఎనిమిది వేలకు తక్కువ కాదు. ఒక్కోసారి ఊడదీశాక అంతకంటే పెరుగుతుంది.

ఇంజను_ఆయిలు
పొడి సంగతి వాసు గారు మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే నేను నీలం బండి జోలికి పోయేవాణ్ణి కాదు. ఇప్పుడు నా సలహా మూడో బండి వెతకమని. ఎల్82 మాన్యువల్, చట్రం బాగున్నది, ఏ రంగైనా సరే.

చారలపిచ్చి
మూడో బండి నలుపు వెండి అయితే?

ఇంజను_ఆయిలు
ఎల్82 మాన్యువల్ పేస్ కార్లు కూడా వచ్చాయి. దొరికితే కొనమనే అంటాను, కళ్లు మూసుకుని నడుపుకోవచ్చు.

అట్లాంటా_అరుణ
కళ్లు మూసుకుని నడపవద్దని మనవి.

లెక్కలమాస్టారు
చట్రం బాగున్న బండి, నంబర్లు కలిసినవి, స్టిక్కర్లు గొట్టంలో ఉన్నవి, ఒక సీటు తప్ప అంతా ఉన్నది. 23 అనండి. 24 దగ్గర ఆగండి. నీలం బండి 19 మీద డాక్టరు గారు చెప్పిన నాలుగైదు వేలు కలిపితే వచ్చేది అంతే.

తుప్పు_శత్రువు
ధర కుదిరితే, చిరిగిన ఆ పాత తోలు ఎక్కడైనా పడి ఉందేమో అడగండి. కొత్త కవర్లు తయారుచేసేవాళ్లు ఉన్నారు కానీ వెండి ఛాయ కుదరాలంటే వాళ్లకు అసలు ముక్క పంపాలి. ఎండ తగలని సీటు అడుగు మడత నుంచి అరచేయంత ముక్క దొరికినా చాలు. రెండు సీట్లకూ ఒకేసారి చేయించండి, ఒక్కదానికి చేయిస్తే మళ్లీ తేడా వస్తుంది. స్టిక్కర్లు మాత్రం తలుపులకు అంటించకండి.

చారలపిచ్చి
ఈ ఒక్కదానికి నేనూ ఒప్పుకుంటాను. అంటించకండి.